అంచులో నిప్పు

బియ్యంలో రాళ్ళేరడం వచ్చునా అని అడిగాడు
మొదటిరోజు రంగమన్నార్ నాయుడు.
వచ్చన్నాను.
అయితే ఉద్యోగం నీదే అన్నాడు.

ఆవడి దారిలో రేకుల షెడ్డు,
ముందు యాభై మీటర్ల గడ్డి, ఆ చివర ఇసుక కట్ట.
నా బల్ల మీద ఇత్తడి కొలబద్ద,
పాయింట్ టూటూ తూటాల పెట్టెలు.
ఒక్కొక్కటీ తీసి అంచు మందం చూడాలి,
ఒకే మందమున్నవి ఒకే డబ్బాలో.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా
పక్క డబ్బా.

"పెద్ద తూటాకి నిప్పు నడిబొడ్డున ఉంటుంది,
దీనికి అంచులో ఉంటుంది, చీరకి జరీలాగ.
సుత్తి వచ్చి ఆ అంచునే కొట్టాలి.
మందమైతే ఒక లెక్క, పలచనైతే ఇంకో లెక్క.
తెలిసిందా పాపా?"
నాకప్పుడు ముప్పై నాలుగేళ్ళు.

దీన్ని పుట్టించింది యుద్ధానికి కాదట.
ఏదో చలిదేశంలో, భోజనాలయ్యాక,
హాల్లోనే నిలబడి గోడకున్న అట్టముక్కని కొట్టే
దొరల కాలక్షేపం.
లోపల మందే లేదట, అంచున చిటికెడు పేలుడు తప్ప.
తర్వాతెవరో పొట్టలో తుపాకిమందు పోశారు,
గుండు బరువెక్కింది, పేరు మిగిలింది.
ఈ కథ చెప్పినప్పుడల్లా నాయుడు
భోజనాల దగ్గర కాసేపు ఆగేవాడు.
దొరలు ఏం తిన్నారో ఆయనకి అంతుబట్టలేదు.

గోడకి మూడు.
కిందికి లాగే లివరున్న బీఎస్ఏ,
సిపాయిల తుపాకికి మనవరాలు,
దాని కర్ర మీద ఎన్ని చెంపల నూనో.
తాళమేసిన పెట్టెలో వాల్తర్ పిస్తోలు.
గొట్టం పొట్టిదని గురి తప్పదు పాపా,
తప్పేది మణికట్టు.
మూడోది బ్రనో.

బ్రనోని అందరూ తిట్టారు.
పళ్ళ డాక్టరు కోదండపాణి
పదకొండు రకాల పెట్టెలు మార్చి మార్చి కాల్చాడు.
పోపులో ఆవాలు చిట్లి పడ్డట్టు
కాగితమంతా చుక్కలు.
అమ్మెయ్యండి అన్నాడు.
నాయుడు దాన్ని బోర్లా పడుకోబెట్టి
కర్రనీ ఇనుమునీ పట్టుకున్న మరని
అర చుట్టు తిప్పాడు. అంతే.
పన్నెండో పెట్టె, అన్నిటికంటే చవకది,
ఐదు గుళ్ళకి ఒకటే కన్నం,
బఠాణీ గింజంత.
డాక్టరు ఆ కాగితాన్ని
ఎక్స్‌రేలా వెలుతురుకి పెట్టి చూశాడు.

మూడు దాటితే సముద్రపు గాలి వస్తుంది.
చెన్నపట్నమంతా దానికి దణ్ణం పెడుతుంది, మేం తప్ప.
కొయ్యకి కట్టిన ఎర్ర రిబ్బను లేచిందంటే
చిన్న గుండు దారిలోనే మనసు మార్చుకుంటుంది.

పదిహేనో ఏడు, ఒక ఆదివారం పొద్దున,
ఎవరూ రాకముందు,
కాల్చు పాపా అన్నాడు.
నేనేరిన డబ్బాలోంచి ఐదు.
చాప మీద పడుకున్నాను, ఇసుకలా చల్లగా ఉంది కర్ర.
ఊపిరి సగం వదిలి, సగం ఆపి.
పది. పది. పది. పది.
ఐదోదానికి ముందు
గ్యాసు బండ బుక్ చేశానా అనిపించింది.
ఎనిమిది.

నాయుడు దుర్భిణిలోంచి కన్ను తీయకుండానే అన్నాడు,
"తుపాకి తప్పు లేదు.
తూటా తప్పు లేదు.
రిబ్బను కదల్లేదు."
నాలుగోది అడుగుతాడని కాచుకున్నాను.
ఆయన చాప చుట్టి మూల పెట్టి
ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి నా వైపు జరిపాడు.

ఆ కాగితం ఇప్పటికీ
మా ఇంట్లో క్యాలెండరు వెనక ఉంది.
నాలుగూ కలిసిన కన్నం వైపు చూడను,
విడిగా పడినదాన్నే చూస్తాను.
ఎంత దూరమో కూడా కొలిచాను, ఇత్తడి బద్దతో.

గ్యాసు బండ సంగతి మాత్రం
ఆయనకి చెప్పలేదు.